ఇంకొక్క అడుగు వెనక్కి

భోజనాల బల్ల ఎక్కి ఫోటో తీయడం తప్పేమీ కాదు. నలుగురూ తినే చోటని చెప్పులు విప్పి ఎక్కడం మర్యాదే. కానీ నా కాళ్ళ దుమ్ము అంటకూడదని బల్లల పొడుగునా తెల్లపేపరు చుట్ట దొర్లించి పరిపించుకుని, ఆ పేపరు కింద రెండు బల్లల మధ్య మూరెడు సందు ఉందన్న సంగతి అయిదు నిమిషాల్లో మరిచిపోవడాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆవిడ మాత్రం తెలుసంటుంది. ఆ మాట ఇక్కడ రాయను.

ఆ సందు నేను ముందే చూశాను. చూసి, ఇక్కడ జాగ్రత్తగా ఉండాలని మనసులో అనుకున్నాను కూడా. తరవాత దాని మీద పేపరు పరిచారు. పేపరు పరిస్తే సందు పోతుందని నమ్మడానికి ఫోటోగ్రాఫరే కావాలి. కాగితం మీద కనిపించిందే నిజమని ఊళ్ళోవాళ్ళని నమ్మించి బతికినవాణ్ణి, ఆ ఒక్కసారికి నేనూ నమ్మాను.

తెనాలిలో కాలవ వంతెన దాటాక ఒక సందులో, మేడ మెట్ల కింద ఉండేది నా స్టూడియో. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో పెళ్ళిళ్ళ రోజులొస్తే నాకు ఇంట్లో అన్నం దొరికేది కాదు. ఇవాళ బాపట్ల, రేపు రేపల్లె, ఎల్లుండి మళ్ళీ తెనాలి. మూడు ఊళ్ళ గుత్తివంకాయ కూరల్లో తేడా కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి.

పెళ్ళి ఫోటోగ్రాఫరుది వెనకడుగు బతుకు. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తెస్తుంటే ఎదురుగా వెనక్కి నడవాలి. పెళ్ళికొడుకు కారు దిగి వస్తుంటే వెనక్కి నడవాలి. లోకమంతా ముందుకు వస్తుంటే దాని మొహంలోకి చూస్తూ మనం వెనక్కి పోవాలి. ఒకసారి నందివెలుగులో ఊరేగింపు ముందు ఊరు ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెనక్కే నడిచాను. మధ్యలో వీపుకి ఎవరో తగిలితే, తిరిగి చూడకుండానే "సారీ అండి" అన్నాను. గేదె ఏమీ అనుకోలేదు. నా అరికాళ్ళకి కళ్ళున్నాయని నాకో గర్వం ఉండేది. ఆ కళ్ళకి చత్వారం వచ్చిన సంగతి బాపట్లలో తెలిసింది.

ఇంకో గర్వం కూడా ఉండేది, అది నా కుడి చూపుడు వేలు. అప్పటికి మావి రీలు కెమెరాలే. ఒక రీలుకి ముప్పై ఆరు బొమ్మలు. తాళి కట్టే క్షణం ఒక్కటే, రెండోసారి కట్టమని అడగలేం. ఎప్పుడు నొక్కాలో ఆ వేలికే తెలిసేది. నొక్కేసి, తరవాత నాకు చెప్పేది. లాబ్ నుంచి ప్రింట్లు వచ్చిన రోజున కవరు విప్పి, మందు వాసన ఇంకా ఆరని ఆ బొమ్మలు ఒక్కొక్కటే చూస్తుంటే, ఇది నేనెప్పుడు తీశానబ్బా అనిపించేవి కొన్ని ఉండేవి. బాగున్నవన్నీ అవే. నేను ఆలోచించి తీసినవి మామూలుగా వచ్చేవి.

బాపట్ల పెళ్ళి మే నెలలో. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. మొదటి బంతి తిని లేచింది, రెండో బంతికి ఇంకా టైముంది. ఈలోగా కల్యాణమండపం మెట్ల మీద రెండు వైపుల చుట్టాలందరినీ కలిపి ఒక గ్రూపు ఫోటో కావాలన్నారు. నిలబెట్టే పని పెళ్ళికొడుకు మేనమామ తీసుకున్నారు. కర్లపాలెం నుంచి వచ్చిన మనిషి, బడిలో డ్రిల్లు మేష్టారుగా చేసి అప్పుడే రిటైరయ్యారు. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన గొంతు ఇంకా సర్వీసులోనే ఉంది.

"పొట్టివాళ్ళు ముందుకి. పొడుగువాళ్ళు వెనక్కి. పిన్నీ, నువ్వు కూర్చో. బావా, పొట్ట లోపలికి."

"లోపలికి వెళ్తే భోజనం బయటికొస్తుంది బావా," అన్నాడు ఆ బావ. మేష్టారు నవ్వలేదు. ఎనభై మందిని అయిదు వరసలు చేశారు. నిజం చెప్పాలంటే అంత చక్కటి గ్రూపు నా జన్మలో నేను నిలబెట్టలేదు.

మెట్లకి ఎదురుగా షామియానా కింద భోజనాల బల్లలు ఉన్నాయి. వాటి మీదెక్కితే తప్ప ఎనభై మొహాలూ పడవు. చెప్పానుగా, చెప్పులు విప్పాను, పేపరు పరిపించాను, ఎక్కాను, తీశాను. రీల్లో ముప్పై అయిదో బొమ్మ అది.

"అందరూ పడ్డారా?" అన్నారు మేష్టారు.

"పడ్డారండి. మీరే పడలేదు."

"నేను లేకుండా అదేం గ్రూపయ్యా? ఇంకోటి తియ్యి."

ఆయన వెళ్ళి చివరి వరసలో నడిమధ్యన నిలబడ్డారు. పొడుగు మనిషి. కుడి చెయ్యి తలకన్నా పైకెత్తి, అరచెయ్యి నా వైపు తోస్తూ, "మా కర్లపాలెం వాళ్ళు చివర్న ఉన్నారు, వాళ్ళూ పడాలి. వెనక్కెళ్ళు," అన్నారు. వెళ్ళాను. "ఇంకొంచెం." వెళ్ళాను. "ఇంకొక్క అడుగు."

ఆ అడుగు కింద బల్ల లేదు. పేపరు ఉంది.

అందరూ పడాలన్నారాయన. అందరి తరఫునా నేను పడ్డాను. పడుతూ పడుతూ నా వేలు అలవాటు కొద్దీ బటను నొక్కేసింది. మనిషి పడేటప్పుడు ఆలోచించుకోవడానికి బోలెడు టైముంటుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది, లెన్సు విరిగితే అతుక్కోదు అన్న ఆలోచన పూర్తిగా చేసి, కెమెరాని ఎడం చేతిలోకి మార్చి పైకెత్తి, కుడి మోచేతిని నేలకి అప్పజెప్పాను. బల్ల ఇనప కాలు మధ్యలో అందుకుంది. కెమెరాకి గీత పడలేదు. మోచెయ్యి మూడు ముక్కలైంది.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది పెళ్ళికూతురి తల్లి. పాపం, కంగారుపడిపోయి అడిగింది. "రీలు బాగానే ఉందా బాబూ?"

నాటు కట్టు కట్టించుకుని మూడు వారాలు కూర్చోవడం నా రెండో తెలివితక్కువతనం. దాన్ని గురించి చెప్పడం మొదలెడితే మొదటిదాని విలువ తగ్గిపోతుంది. ఆఖరికి తెనాలిలోనే ఒక నర్సింగ్ హోములో చెయ్యి కోసి, రాడ్లు వేసి, కుట్టారు. ఎముక అతికింది. నరం మాత్రం అలిగింది. కుడి చూపుడు వేలు నిటారుగా ఉండిపోయింది. వంగదు. వంగాలని నేను అనుకుంటాను, అది అనుకోదు.

చూపుడు వేలు పేరుకి తగ్గట్టు ఇక చూపించడం తప్ప ఇంకో పని పెట్టుకోలేదు. బస్సులో పై కడ్డీ పట్టుకుంటే ఎవరో ఒకరిని చూపిస్తూ ఉండేది. ఒకాయన చుండూరు దాకా ఓర్చుకుని, "ఏంటండీ, నన్నేమన్నా అనాలా?" అన్నాడు. "లేదండి, ఇది నా మాట వినదు," అన్నాను. ఆయన లేచి సీటు ఇచ్చాడు. ఆ వేలి వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

కెమెరా బటను కుడి పక్కనే ఉంటుందని అందరికీ తెలుసు, కానీ అది ఎంత పెద్ద సంగతో పోయాక గానీ తెలియదు. విజయవాడ వెళ్ళి కెమెరాల షాపులో, "ఎడమచేతి వాటం వాళ్ళ కెమెరా ఉంటుందాండీ?" అని అడిగాను. షాపాయన ఆలోచించి, "ఎడమ చేతికి పెట్టుకునే గడియారాలైతే పక్క కొట్లో ఉన్నాయండి," అన్నాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే సాయం చేద్దామని.

ఏడాదిన్నర పాస్‌పోర్టు ఫోటోలతో గడిచింది. స్టాండు మీద కెమెరా బిగించి, తీగకున్న బటను ఎడం చేత్తో నొక్కడం. గడ్డం కిందికి. కళ్ళు మూయకండి. అయిపోయిందండి. కదలని మనిషిని కదలని కెమెరాతో కదలలేని వాడు తీసే బొమ్మలు. పెళ్ళి బాజాలు వీధిలో వెళ్తుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడేవాణ్ణి. ఎవరో కుర్రవాడు ఊరేగింపు ముందు వెనక్కి నడుస్తూ కనిపించేవాడు. వాడి వెనక ఏముందో వాడికన్నా ముందు నేను చూసేవాణ్ణి. మళ్ళీ అలా జనం మధ్యకి వెళ్ళి తీయగలనా లేదా, నాకు తెలియాల్సింది అదొక్కటే. దానికి జవాబు చెప్పాల్సిన వేలు ఎటో చూపిస్తూ ఉండేది.

దానికి తోడు ఇంకోటి. బాపట్ల నుంచి వచ్చినవాళ్ళు ఒకే మాట అనేవాళ్ళు. "మేష్టారు చెయ్యెత్తి ఆగు ఆగు అని అరిచారటగా. వినిపించుకోలేదట మీరు." కర్లపాలెంలో అందరికీ ఆయన అలాగే చెప్పారట. డ్రిల్లు గొంతుతో చెప్పిన మాట, దానికి తిరుగేముంది? కొన్నాళ్ళకి నాకే అనుమానం వచ్చింది, ఆగమనే అన్నారేమోనని.

ఆ పెళ్ళి రీలు నేను ఆస్పత్రిలో ఉండగానే మా ఆవిడ కడిగించి వాళ్ళకి పంపింది. ఆఖరి బొమ్మ మాత్రం పనికిరాదని నెగటివుతో సహా కవర్లోనే ఉంచేసింది. ఒకరోజు సొరుగు సర్దుతుంటే దొరికింది. ఏటవాలుగా ఆకాశం, షామియానా అంచు కుచ్చులు, అడుగున మాత్రం ఒక చెయ్యి. తలకాయలేవీ లేవు. మణికట్టుకి గడియారం, గడియారానికి ఎర్రతోలు పట్టీ, అరచేతిలో అక్షింతల పసుపు. మణికట్టు దగ్గర వెనక్కి విరిగి, కోళ్ళని అదిలించినట్టు నన్ను తోస్తోంది. ఆగమనే చెయ్యి అలా ఉండదు. ఎవరికీ చూపించలేదు, సొరుగులోనే పెట్టాను.

నర్సింగ్ హోములో చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి ఒకామె ఉండేది. రేపల్లె అమ్మాయి, రోజూ పాసింజరు బండిలో వచ్చేది. నేను "సిస్టర్" అంటే, "సిస్టర్ని కాదండి, ఫిజియోని," అనేది. మళ్ళీ తనే నన్ను "అన్నయ్యా" అనేది, కాబట్టి ఆ వాదన నిలబడలేదు. శనగలు ఏరించింది, బట్టల క్లిప్పులు తీయించి పెట్టించింది, రబ్బరు బంతి నలిపించింది. వేలు కదల్లేదు. ఒకరోజు, "ఇవన్నీ నావి. రేపు మీది తెచ్చుకోండి," అంది.

మర్నాడు కెమెరా తీసుకెళ్ళాను. ఏడాదిన్నర తరవాత చేతుల్లోకి తీసుకుంటే కుడిచెయ్యి పట్టు చాలక జారింది. కింద పడబోతుంటే ఎడం చేత్తో అందుకున్నాను. తలకిందులుగా దొరికింది. అలా పట్టుకునే సరికి ఎడమ బొటనవేలి కిందకి ఏదో గుండ్రంగా వచ్చింది. బటను. నొక్కితే టక్కుమంది.

"అదేంటన్నయ్యా, తిరగేసి పట్టుకున్నారు?" అందామె.

తిరగేసిన కెమెరానే కంటికి పెట్టుకున్నాను. కెమెరా అడుగు నుదుటికి ఆనింది. అద్దంలోంచి చూస్తే ఆ గది, ఆ శనగల పళ్ళెం, ఆ అమ్మాయి, అన్నీ నిటారుగానే ఉన్నాయి. కెమెరా తలకిందులైతే లోకం కూడా తలకిందులవుతుందని పాతికేళ్ళ అనుభవం ఉన్న నేను అనుకుంటూ వచ్చాను. కాలేదు. నెగటివు తిప్పి కడిగించుకుంటే సరిపోతుంది. ఆమెకి కనబడకుండా మొహం ఎంతసేపు దాచుకోవచ్చో అంతసేపూ కెమెరా కంటి దగ్గరే ఉంచాను.

ఇంటికి పరిగెత్తి మొదటి బొమ్మ మా ఆవిడది తీశాను. కెమెరా తిరగేస్తే పైనుండే ఫ్లాషు కిందికి వస్తుందని గుర్తులేదు. గడ్డం కింద నుంచి వెలుగు కొట్టి, ముక్కు నీడ నుదుటి మీద పడింది. శ్మశానం నుంచి సరాసరి వచ్చినట్టుంది బొమ్మ. మా ఆవిడ దాన్ని తీరిగ్గా చూసి, "ఇన్నేళ్ళకి మీకు నా అసలు రూపం దొరికింది," అంది. చివరికి ఫ్లాషు ఊడదీసి, తీగ తగిలించి, కుడిచేతికి ఇచ్చాను. తల మీదకి ఎత్తి పట్టుకోవడానికి వేలు వంగనక్కర్లేదు. అది ఆకాశాన్ని చూపిస్తూ నిలబడేది. ఉద్యోగం దొరికింది దానికి.

తొలి పెళ్ళి ఆ ఫిజియో అమ్మాయిదే. వాళ్ళ నాన్న రేపల్లెలోనే ఇంకో ఫోటోగ్రాఫరుని మాట్లాడబోతే, "మా పేషెంటు తీస్తాడు," అందట. పేషెంటు చేత పెళ్ళి ఫోటోలు తీయించుకునే సాహసం ఇంకెవరికుంటుంది?

రేపల్లె బండి ఎక్కి వెళ్ళాను. అక్కడితో పట్టాలు ఆఖరు. ఇంజను ఊడి, పక్క పట్టా మీద తిరిగొచ్చి, రెండో చివర తగులుకుంటే తప్ప రైలు కదలదు. ముందు ఏది, వెనక ఏది అన్న పట్టింపు లేకుండా చక్కగా బయల్దేరుతుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి చాలాసేపు చూశాను.

లూథరన్ చర్చి. తెల్ల చీర, ముసుగు, చేతిలో పూలు. తండ్రి చెయ్యి పట్టుకుని బల్లల మధ్య దారిలో ఆ అమ్మాయి నడిచి రావాలి. నేను ఎదురుగా వెనక్కి నడవాలి. కెమెరా తిరగేసి నుదుటికి ఆనించుకున్నాను, ఫ్లాషు పైకెత్తాను. బల్లల మీద వాళ్ళు మోచేతులతో ఒకరినొకరు పొడుచుకున్నారు. అదంతా ఫరవాలేదు. కాళ్ళు కదల్లేదు. నా వెనక నేల ఉందని నా కాళ్ళు నమ్మడం మానేశాయి. పాట మొదలైంది, వాళ్ళు నడుస్తున్నారు, దగ్గరికొచ్చేస్తున్నారు.

ముసుగులోంచి సన్నగా వినిపించింది. "చదునే అన్నయ్యా. రండి."

ఒక అడుగు వేశాను.

"చదునే. చదునే. కొంచెం కుడికి, బల్ల ఉంది. చదునే."

"ఎవరితోనే?" అన్నాడు తండ్రి, పెదాలు కదపకుండా.

"ప్రార్థన నాన్నా," అంది. మళ్ళీ నాకు, "మెట్టు వస్తోంది. ఎక్కాలి. ఇప్పుడు."

ఎక్కాను. నిలబడ్డాను. ఆ రోజు తీసిన బొమ్మల్లో ప్రతిదాన్లోనూ పెళ్ళికూతురి పెదాలు కొంచెం విడివడి ఉంటాయి. అత్తగారు ప్రార్థనే అనుకుంది. ఆమె అనుకున్నదాంట్లో తప్పేముంది?

బొటనవేలికి చూపుడు వేలి తెలివి రాలేదు. నేను చెప్పేదాకా నొక్కదు, చెప్పాక కూడా కాస్త ఆలస్యం. ప్రమాణం అయిపోతుంది, తరవాత నొక్కుతుంది. మొదట్లో ఏడుపొచ్చేది. లాబ్‌లో ప్రింట్లు పరుచుకుని చూస్తే సంగతి వేరేగా ఉంది. తాళి పడ్డాక పెళ్ళికూతురు వదిలే ఊపిరి. ఉంగరం తొడిగాక ఇద్దరూ ఇప్పుడేం చెయ్యాలో తెలియక చూసుకునే చూపు. అప్పగింతలయ్యాక ఖాళీ చేతులతో నిలబడ్డ తండ్రి. పాతికేళ్ళు నేను క్షణాన్ని పట్టుకున్నాను గానీ, దాని తరవాతి క్షణం ఒకటి ఉంటుందని చూడలేదు. మా ఊళ్ళో అది నా పద్ధతి అన్నారు. అది నా చేతకానితనమని నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు తప్ప.

ఆ తరవాత రీళ్ళు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఫోటోలో లేనివాళ్ళని తెచ్చి అతికించడం స్టూడియోల్లో రోజువారీ పనైపోయింది. మనవడి పెళ్ళిలో పోయిన తాతగారు, దేశంలో లేని బావగారు, అందరూ వచ్చి నిలబడేవాళ్ళు. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం డ్రిల్లు మేష్టారు నా స్టూడియోకి వచ్చారు. చంకలో ఆ బాపట్ల గ్రూపు ఫోటో. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు.

"తమ్ముడూ, ఆ రోజు నువ్వు పడ్డావు, నేను పడలేదు," అన్నారు. "మా చెల్లెలు, అదే పెళ్ళికొడుకు తల్లి, బాధపడుతోంది, అందరూ ఉన్నారు నువ్వే లేవని. అతికించి పెట్టు. నేను ఆగమన్నా విన్నావు కాదు గానీ, పోనీలే."

పోనిచ్చారు. పెద్దమనిషి.

పట్టుపంచె కట్టుకు రమ్మన్నాను. వచ్చారు. కెమెరా తిరగేసి పట్టుకుంటే అనుమానంగా చూసి, "పంచె అంచు పడాలి, ఇంకొంచెం వెనక్కెళ్ళు," అన్నారు.

"నేను వెళ్ళనండి. మీరే వెళ్ళండి మేష్టారూ, వెనకేముందో నేను చూస్తుంటాను."

ముప్పై ఏళ్ళు జనాన్ని వెనక్కి నడిపించిన మనిషి తను వెనక్కి నడవడం అదే మొదటిసారేమో. అడుగుకొకసారి మెడ తిప్పి చూసుకున్నారు. "చదునేనండి," అన్నాను. నా నోట ఆ మాట వస్తుంటే రేపల్లె గుర్తొచ్చింది. అంతకంటే ఏడిపించబుద్ధి కాలేదు.

కానీ అతికించేటప్పుడు కూర్చుని ఆలోచించాను. మొహం ఇప్పటిది, జుట్టుకి నలుపు వేశాను. భుజాలు, పంచె ఇప్పటివే. చివరి వరసలో నడిమధ్యన, ఆయన కోరుకున్న చోటే నిలబెట్టాను. కుడిచెయ్యి మాత్రం ఇప్పటిది ఎందుకు, ఆ రోజుదే నా దగ్గర ఉందిగా? సొరుగులోంచి ఆ ముప్పై ఆరో నెగటివు తీశాను. ఎడం చేత్తో మౌసు పట్టుకుని రెండు రోజులు కూర్చుని, వేలి గోళ్ళ దగ్గర కూడా అతుకు కనబడకుండా అతికించాను. నేను చేసిన పనుల్లో అంత శుభ్రమైన పని ఇంకోటి లేదు.

ఫోటో తీసుకోవడానికి మేష్టారు చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని చూసి మురిసిపోయింది. తరవాత ముఖం దగ్గరగా పెట్టింది.

"ఆ చెయ్యేంటన్నయ్యా, అందరూ బుద్ధిగా నిలబడితే నువ్వొక్కడివే పైకెత్తావు?"

మేష్టారు చూశారు. ఎర్రతోలు పట్టీ చూసి గుర్తుపట్టారు. "ఇది ఆ రోజు చెయ్యే," అన్నారు. ఆయన మొహంలో వెలుగొచ్చింది. "చూశావా ఎంత నిటారుగా ఉందో? అది డ్రిల్లు సైగ. మణికట్టు ఇలా విరిచి తోశామంటే, వెనక్కి ఇంకో అడుగు అని. మూడొందల మంది పిల్లలు ఒక్క చేతికి కదిలేవాళ్ళు."

చెల్లెలు కళ్ళజోడు తీసింది. "ఆగమన్నానని చెప్పావు కదా, ఇన్నాళ్ళూ?"

నేను గోడవైపు తిరిగి ప్యాకింగు కాగితం వెతుక్కున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ బాపట్లలో ఆ చెల్లెలి ఇంటి హాల్లో, గుమ్మానికి ఎదురుగానే ఉందట. వచ్చిన ప్రతివాళ్ళూ ఆ చెయ్యేంటని అడుగుతారట.

ఫోటో చుట్టి తాడు కట్టి మేష్టారి చేతికి అందించాను. అందిస్తుంటే నా కుడి చూపుడు వేలు సూటిగా ఆయననే చూపిస్తోంది. ఆయన దాని వంక చూసి, నా వంక చూశారు. నేనేం చెయ్యను? అది వంగదు.